తువ్వాల కింద బేరం నుంచి షోరూమ్ కొటేషన్ దాకా



పోయిన నెలంతా పికప్ బండి కోసం తిరిగిన. సుచిత్ర నుంచి మేడ్చల్ దాకా, ఇటు బాలానగర్ దిక్కు, మొత్తం అయిదు షోరూమ్‌ల మెట్లు ఎక్కి దిగిన. "ఏం బండి తీసుకున్నవ్, ఎంతకు పడ్డది?" అని చాలామంది అడుగుతున్నరు. చెప్తా. కానీ రేటు చెప్పే ముందు కొంచెం పాత ముచ్చట చెప్పాలె. ఎందుకంటే ఈ బేరంలో నాకు పనికొచ్చిన అసలు తెలివి షోరూమ్‌లో దొరకలేదు, మా తాత చెప్పిన ఎడ్ల అంగడి ముచ్చట్లలో దొరికింది. పొడుగైతది, తీరిగ్గా చదువుండ్రి.

మా తాత కాలంలో బండి అంటే ఎడ్లబండి. బండి వడ్లాయన చేసిచ్చేటోడు, బేరమంతా ఎడ్ల కాడనే. ఇటు నార్సింగి అంగడి, ఇంకా మంచి జత కావాలంటే పాలమూరు దిక్కు పెబ్బేరు సంత దాకా పోయేటోళ్ళు కూడా ఉండె. పోయినంక తాత ముందుగాల ధర అడగకపోయేటోడు. ముందు నోరు తెరిచి పండ్లు చూసేటోడు. పాలపండ్లా, రెండు పండ్లా, నాలుగా, ఆరా, నోరు నిండిందా? పండ్లు చూస్తే వయసు తెలుస్తది, అమ్మేటోడు ఏం చెప్పినా సరే. తర్వాత గిట్టలు, సుడులు, నడక. ఆఖరికి కాడి కట్టి నాలుగు అడుగులు నడిపించి చూసేటోడు. అన్నీ అయినంకనే ధర.

ధర మాత్రం నోటితో చెప్పకపోయేటోళ్ళు. దళారి చేతి మీద తువ్వాల కప్పేటోడు. దాని కింద అమ్మేటోని వేళ్ళు పట్టుకుని ఒక లెక్క, కొనేటోని వేళ్ళు పట్టుకుని ఇంకో లెక్క. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని వందలు. పక్కన నిలబడ్డోళ్ళకు తువ్వాల కదులుడు తప్ప ఏం కనబడది. నేను చిన్నప్పుడు తాతను అడిగిన, "ఆ తువ్వాల ఎందుకు తాతా?" అని. "అమ్మేటోని కోసం బిడ్డా. నాకు ఎంతకిచ్చిండో పక్కోనికి తెలిస్తే, పక్కోడు గూడ గంతకే అడుగుతడు గద" అన్నడు.

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మిగిలిన చరిత్రంతా దీని చుట్టే తిరుగుతది.

మా నాయిన కాలం వచ్చేసరికి అసలు బేరమే లేకుండా పోయింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చినంక బండ్లు తయారు చేయాలంటే సర్కారు లైసెన్సు కావాలె, ఎన్ని చేయాలో కూడా సర్కారే చెప్తది. లారీలు అంటే టాటా, అశోక్ లేలాండ్ లాంటి వేళ్ళ మీద లెక్కబెట్టే కంపెనీలు. టాటా వాళ్ళు 1954లో జర్మనీ మెర్సిడెస్ బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. కొనేవాళ్ళు ఎక్కువ, బండ్లు తక్కువ. అందుకే బండ్ల అమ్మకం, పంపకం మీద కూడా సర్కారు ఉత్తర్వులు తెచ్చింది. ట్రాక్టర్ల కోసం ప్రత్యేకంగా 1971లో ఒక కంట్రోల్ ఆర్డర్ వచ్చింది. అంటే పైసలు చేతిలో పట్టుకుని పోయినా ట్రాక్టర్ రాదు. పేరు రాయించుకోవాలి, వంతు వచ్చేదాకా ఆగాలి. బజాజ్ స్కూటర్‌కు ఏళ్ళకేళ్ళు ఎదురుచూసిన ముచ్చట మీ ఇంట్లో పెద్దోళ్ళను అడిగినా చెప్తారు.

అప్పుడు డీలర్ రాజు, కొనేటోడు దరఖాస్తుదారు. వంతు ముందు వచ్చినోడు తన బుకింగును ఇంకొకనికి అమ్ముకుంటే కంపెనీ ధర మీద ఇంకో ధర. దాన్నే "ఆన్" అనేటోళ్ళు. కంపెనీ రేటు కాయితం మీద అందరికీ ఒకటే, తువ్వాల మాత్రం ఆన్ మీదికి పోయింది. డిస్కౌంట్ అనే మాట మా నాయిన నోట నేను ఎన్నడూ వినలేదు. "బండి దొరికింది" అనేటోడు గానీ "బండి కొన్న" అనకపోయేటోడు.

ఈ పరిస్థితి మొదట కదిలింది 1980లలో. ఆ కథలో మన జిల్లా పక్కనే ఉన్న జహీరాబాద్‌కు పెద్ద పాత్ర ఉంది, మనలో చాలామందికి తెల్వదు.

హైదరాబాద్ అల్విన్ పేరు మీరంతా విన్నదే. ఫ్రిజ్‌లు, చేతి గడియారాలు, సిటీ బస్సుల బాడీలు చేసిన కంపెనీ. 1942లో నిజాం సర్కారు పారిశ్రామిక నిధి, అల్లావుద్దీన్ కంపెనీ కలిసి పెట్టినది, ఆ అల్లావుద్దీన్ నుంచే అల్విన్ అనే పేరు. ఈ అల్విన్ జపాన్ నిస్సాన్‌తో కలిసి అల్విన్ నిస్సాన్ అని కంపెనీ పెట్టి, జహీరాబాద్‌లో క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీ చేసింది. అదే కాలంలో దేశంలో ఇంకో మూడు జపాన్ జోడీలు దిగాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి. పెద్ద లారీకీ జీపుకీ మధ్యలో ఉండే చిన్న గూడ్స్ బండి మన రోడ్ల మీద బాగా కనబడుడు అప్పటి నుంచే. మన పల్లెల్లో ఇప్పటికీ ఏ కంపెనీదైనా సరే, ఆ సైజు బండిని "డీసీఎం" అంటాం కదా, ఆ పేరు అక్కడిదే. కంపెనీ పోయి ఎన్నో ఏళ్ళైంది, పేరు మాత్రం మన నోళ్ళలో మిగిలింది.

ఈ నాలుగింటికి పోటీగా టాటా వాళ్ళు 1986లో 407 దింపారు. జపాన్ బండ్లు నడకలో మెత్తన, చూడడానికి ముద్దుగా ఉండేవి. 407 మొరటు. కానీ గెలిచింది 407. ఎందుకు? జపాన్ బండ్లలో చాలా సామాన్లు జపాన్ నుంచే రావాలి. 1985 తర్వాత జపాన్ పైసా, అంటే యెన్, విలువ ఒక్కసారిగా పెరిగింది. అక్కడి నుంచి తెచ్చే ప్రతి నట్టు, బోల్టు మన రూపాయల్లో పిరమైంది. బండి రేటు పెరిగింది, స్పేర్ పార్టుల రేటూ పెరిగింది. 407 సామాన్లు మాత్రం ఇక్కడే తయారు, ప్రతి పట్నంలో దొరికేవి, ప్రతి మెకానిక్‌కూ చేతనయ్యేవి. డీసీఎం టొయోటా తర్వాత కొరియా దేవూ చేతికి పోయింది. అల్విన్ నిస్సాన్ మహీంద్రా చేతికి వచ్చింది. ఇప్పుడు జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నది దాని కొనసాగింపే.

ఇక్కడ మన ఊరి ముచ్చట ఒకటి. బహదూర్‌పల్లిలో మహీంద్రా అంటే ఇప్పటి పిల్లలకు యూనివర్సిటీ గేటు. అంతకుముందు ఆ జాగా సత్యం కంప్యూటర్స్ వాళ్ళ టెక్నాలజీ సెంటర్. 2009 జనవరి 7న సత్యం లెక్కల బాగోతం బయటపడ్డది, అదే ఏడాది ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా దాన్ని తీసుకుంది. 2014లో అక్కడ ఇంజనీరింగ్ కాలేజీ, 2020లో యూనివర్సిటీ. ఆ కంపెనీ మూలం చూస్తే ఇంకా చిత్రం. 1945లో మొదలైనప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. ఆ మొహమ్మద్ అంటే గులాం మొహమ్మద్, అంతకుముందు నిజాం సర్కారులో ఆర్థిక వ్యవహారాలు చూసినాయన. దేశం రెండైనప్పుడు పాకిస్తాన్ పోయి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి, తర్వాత గవర్నర్ జనరల్ అయిండు. కంపెనీ పేరు 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. జీపులతో మొదలైన ఆ కంపెనీ బొలేరో పికప్పే ఇప్పుడు మన కూరగాయల మార్కెట్లలో ఎక్కడ చూసినా కనబడుతది.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, 407 పాఠం పికప్ కొనేటోనికి ఇప్పటికీ వర్తిస్తది. బండి మీద ప్రేమ పడే ముందు దాని సామాన్లు మేడ్చల్‌లో దొరుకుతాయా, మీ మెకానిక్ దాని ఇంజన్ ఎన్నడన్న విప్పిండా అని అడగండి. ఇవాళ్టి బీఎస్-6 బండ్లలో సెన్సార్లు ఎక్కువ. కంపెనీ సర్వీస్ సెంటర్ ఎంత దూరంలో ఉందన్నది మైలేజీ అంత ముఖ్యం.

1991 తర్వాత లైసెన్సులు పోయాయి, కంపెనీలు పెరిగాయి. 1999 మన కూరగాయల రైతులకు రెండు విధాల గుర్తుండే ఏడు. జనవరి 26న రైతు బజార్లు మొదలయ్యాయి. అదే ఏడాది పియాజియో వాళ్ళ ఆపే, డీజిల్ గూడ్స్ ఆటో, మన దేశంలోకి వచ్చింది. రైతు బజార్ల కోసం ఆర్టీసీ బస్సులు నడిపింది నిజమే, కానీ బస్సు టైముకు పాలకూర తెగది కదా! ముగ్గురు నలుగురు రైతులు కలిసి ఒక గూడ్స్ ఆటో మాట్లాడుకునే అలవాటు అప్పుడే ముదిరింది.

2005 మేలో టాటా ఏస్ వచ్చింది. జనం పెట్టిన పేరు చోటా హాథీ. చిన్న ఏనుగు అన్న పేరు కంపెనీ పెట్టుకున్న పేరుకన్నా ఎక్కువ నడిచింది. రెండు సిలిండర్లు, 700 సీసీ, ముప్పావు టన్ను మోత, ధర రెండుంబావు లక్షల చుట్టూ. మూడు చక్రాల ఆటో కొనబోయినోడు ఇంకొంచెం పైసలు వేసుకుంటే నాలుగు చక్రాల బండి ఓనరు. 2001లో 500 కోట్ల నష్టం చూసిన టాటా మోటార్స్‌ను నిలబెట్టిన బండ్లలో ఇదొకటి. 2010లో మహీంద్రా మాక్సిమో, 2011లో అశోక్ లేలాండ్ దోస్త్. పోటీ ముదిరింది. మా నాయిన డీలర్ గుమ్మం కాడ నిలబడ్డడు, మేం వచ్చేసరికి డీలరే ఊరికి టెంటు వేసుకొచ్చి "లోన్ మేళా" పెట్టిండు.

బేరం మళ్ళీ పుట్టింది. అయితే తువ్వాల కూడా తిరిగొచ్చింది, మనం చూడలేదు. ఇది నా తలకాయకే తగిలిన దెబ్బ, అందుకే చెప్తున్న.

2012లో నేను మొదటి చిన్న గూడ్స్ బండి తీసుకున్న. డీలర్ ఎవరన్నది వదిలేయండి. రేటు మీద రెండు గంటలు కొట్లాడిన. పది వేలు తగ్గించిండు, టార్పాలిన్ ఫ్రీ, సీటు కవర్లు ఫ్రీ, స్వీట్ డబ్బా, బండికి పూలదండ, ఫొటో. గెలిచినట్టే అనుకున్న. లోన్ మూడు లక్షలు, "తొమ్మిది శాతమే సార్, ఫ్లాట్" అన్నడు. నాలుగేళ్ళు, నెలకు 8,500 కిస్తు. సంతకాలు ఇరవై చోట్ల పెట్టిన.

రెండేళ్ళకు టమాట మంచి రేటు పలికింది. చేతిలో పైసలున్నయి, లోన్ మూసేద్దామని పోయిన. సగం కిస్తులు కట్టేసిన కదా, అసలు సగం, లక్షన్నర ఉంటదనుకున్న. వాళ్ళు లక్షా డెబ్బై మూడు వేల పైచిలుకు చూపించిర్రు. దాని మీద ముందే కట్టేస్తున్నందుకు చార్జీ వేరే. కొట్లాడిన, అరిచిన. ఆడున్న పిల్లగాడు ఓపికగా కాయితం మీద లెక్క వేసి చూపిస్తే నోరు మూతపడ్డది. తప్పు లెక్కలో లేదు, నేను ఆ లెక్క అడగకపోవడంలో ఉంది.

ఫ్లాట్ వడ్డీ అంటే ఏంది? అసలు తగ్గుతున్నా సరే, వడ్డీ మాత్రం మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదనే నాలుగేళ్ళూ లెక్కగడతారు. మూడు లక్షలకు తొమ్మిది ఫ్లాట్ అంటే నాలుగేళ్ళకు లక్షా ఎనిమిది వేలు. కట్టేసిన అసలు తీసేసుకుంటూ లెక్కిస్తే ఆ తొమ్మిది దాదాపు పదహారు శాతం అవుతది. మన ఊరి లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు రూపాయి ముప్పై మూడు పైసలు. ఊళ్ళో ఎవడన్న ఆ వడ్డీ చెప్తే "ఏందిరా, ఇంత గుంజుతున్నవ్" అంటం. షోరూమ్‌ల ఏసీలో కూసొని తొమ్మిది అంటే తలూపినం. బండి రేటులో పది వేలు గెలిచి వడ్డీలో దానికి ఎన్నో రెట్లు ఓడిన.

అదే తువ్వాల, అదే దళారి. తాత కాలంలో ధర కింద దాచేటోళ్ళు, ఇప్పుడు ధర బోర్డు మీద రాసి మిగతావి కింద దాస్తున్నరు.

మధ్యలో ఇంకో మార్పు వచ్చింది, అదీ గమనించాలి. బండి రేటు డీలర్ ఒక్కని చేతిలో లేదు, చట్టం తేదీ మీద కూడా ఆధారపడుతది. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్లు అమ్మొద్దంది. అప్పటికి కంపెనీల దగ్గర, డీలర్ల దగ్గర అమ్ముడుపోని బండ్లు ఎనిమిది లక్షల పైన ఉన్నయి, అందులో కమర్షియల్ బండ్లే 96 వేల పైచిలుకు. మిగిలిన రెండు రోజులు షోరూమ్‌ల ముందు జాతర. ఎన్నడూ రూపాయి తగ్గనోళ్ళు పిలిచి తగ్గించిర్రు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చి రేట్లు పెరిగాయి. 2025 సెప్టెంబర్ 22న గూడ్స్ బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి, ట్రాక్టర్ల మీద 12 నుంచి 5కి తగ్గింది. పన్ను లేని ధర ఏడు లక్షలున్న పికప్‌కు 28 శాతంతో 8,96,000, 18 శాతంతో 8,26,000. డెబ్బై వేల తేడా, బేరమాడకుండానే. ఇందులో పాఠం ఏందంటే, తేదీ తెలిసినోడు సగం బేరం గెలిచినట్టే. ఏడాది చివర, నెల చివర, టార్గెట్ కోసం సేల్స్ పిల్లగాడు మెత్తబడతడు. అయితే డిసెంబర్‌లో తయారైన బండిని జనవరిలో కొంటే కాయితాల మీద అది పోయిన ఏడాది బండి, రేపు అమ్మేటప్పుడు ఆ ఏడాది ధర తగ్గుతది. అందుకే తయారీ నెల, ఏడాది అడగండి. డీలర్ ఇచ్చే ఫారం 21, అంటే సేల్ సర్టిఫికెట్‌లో అది రాసి ఉంటది. తాత ఎద్దు నోరు తెరిచి చూసినట్టు మనం ఆ కాయితం తెరిచి చూడాలి.

ఇక ఈసారి నేను కొన్న ముచ్చట. బహదూర్‌పల్లిలో ఇల్లు తప్ప నాకిప్పుడు సాగు లేదు. చుట్టూ లేఅవుట్లు, విల్లాలు. కౌలు భూమి మేడ్చల్ దాటి ఉంది. ఊరు పట్నంలో కలిసినకొద్దీ పొలం దూరం జరిగింది. ఎడ్లబండి అందుకోలేని దూరం, కిరాయి బండి కట్టుకుంటే మిగలని దూరం. పొద్దున నాలుగున్నరకు బోయిన్‌పల్లి మార్కెట్లో సరుకు దిగాలంటే సొంత బండి ఉండాల్సిందే. నాతో పాటు మా సోపతిలో ఇంకో ఇద్దరికి కూడా బండి కావాలె. ఒకాయన పాల వ్యాపారం, ఒకామె పూల తోట. ముగ్గురం అనుకోకుండా ఒకే షోరూమ్‌కు, వేరువేరు రోజుల్లో పోయినం.

నాకు కొటేషన్ ఇస్తూ సేల్స్ పిల్లగాడు దగ్గరికొచ్చి మెల్లగా అన్నడు, "సార్, మీకు మాత్రమే ఈ రేటు. బయట ఎవ్వరికీ చెప్పకండి, మా మేనేజర్‌కు తెలిస్తే నా జాబ్ పోతది." ఆ మాట వినంగనే నాకు తాత తువ్వాల కళ్ళ ముందు కదిలింది. ఆ సాయంత్రం పాలాయనకు ఫోన్ చేసిన, పూలక్కకు ఫోన్ చేసిన. ముగ్గురికీ అదే మాట, "మీకు మాత్రమే." మరుసటి రోజు మా ఇంటి అరుగు మీద ముగ్గురి కొటేషన్లు పక్కపక్కన పరిచినం.

ఎక్స్-షోరూమ్ ధర ముగ్గురికీ ఒకటే. తేడాలన్నీ కింది వరుసల్లో. నాకు హ్యాండ్లింగ్ చార్జీ తొమ్మిదిన్నర వేలు, పాలాయనకు ఆరు వేలు, పూలక్కకు ఆ వరుసే లేదు. కానీ ఆమెకు ఇన్సూరెన్స్ నాకన్నా పదకొండు వేలు ఎక్కువ. పాలాయనకు యాక్సెసరీస్ పేరుతో పద్దెనిమిది వేలు. ముగ్గురికీ లోన్ "ఏడు శాతం ఫ్లాట్". పూలక్క నవ్వింది, "ఒకే ఎద్దుకు ముగ్గురికి మూడు వేళ్ళు పట్టిండు గద అన్నా."

అప్పుడు వరుసగా లెక్క తీసినం. మీరు కూడా ఇదే వరుసలో చూడండి.

మొదటిది ఇన్సూరెన్స్. ఇందులో రెండు ముక్కలుంటాయి. థర్డ్ పార్టీ ముక్క రేటు సర్కారు ఖరారు చేస్తది, అన్ని కంపెనీలకు ఒకటే. మొత్తం బరువు 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 2022 జూన్ 1 నుంచి అది 16,049 రూపాయలు, పైన పన్ను. దాని మీద బేరం లేదు. రెండోది మన బండికి జరిగే నష్టానికి కట్టే ముక్క, ఓన్ డ్యామేజ్. ఇది కంపెనీ కంపెనీకి మారుతది, డిస్కౌంట్ అంతా ఇక్కడే ఉంటది. ఏ కంపెనీ దగ్గర ఇన్సూరెన్స్ తీసుకోవాలో మన ఇష్టం, డీలర్ బలవంతం చేయడానికి లేదు. "మా దగ్గరే తీసుకోవాలె" అంటే ఆ మాట కాయితం మీద రాసివ్వమనండి. రాసివ్వరు.

రెండోది హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్ అని రాసే వరుస. ఇది సర్కారు ఫీజు కాదు, రిజిస్ట్రేషన్‌లో భాగం కాదు. ఇదేందో చెప్పి తీసేయమని అడగండి.

మూడోది వడ్డీ. ఏడు లక్షలు, అయిదేళ్ళు. ఏడు ఫ్లాట్ అయితే కిస్తు 15,750, మొత్తం వడ్డీ 2,45,000. తగ్గే అసలు మీద పది శాతం అయితే కిస్తు దాదాపు 14,873, మొత్తం వడ్డీ 1,92,000 చిల్లర. పది కన్నా ఏడు చిన్నదిగా కనబడుతది, కానీ ఆ ఏడే మనకు 52 వేలు ఎక్కువ పడుతది. ఆ ఏడు ఫ్లాట్ అసలు వడ్డీ దాదాపు పన్నెండున్నర, మన లెక్కలో రూపాయి వడ్డీకి కొంచెం పైనే. ఇప్పుడు ఒక మంచి సౌలత్ వచ్చింది. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే రిటైల్ లోన్లకు, చిన్న వ్యాపారాల లోన్లకు అన్ని ఖర్చులతో కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతదో ఒక పత్రంలో రాసివ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. దాన్ని కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు. సంతకం పెట్టే ముందు ఆ కాయితం అడగండి. దానిలో ఏపీఆర్ అనే అంకె ఒక్కటి చూస్తే చాలు. 2012లో నాకు ఆ కాయితం ఉండి ఉంటే!

నాలుగోది బండి బరువు. బండి, సరుకు కలిపి మొత్తం బరువు 3,000 కిలోలు దాటకపోతే మోటారు వాహనాల చట్టం ప్రకారం గూడ్స్ పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలె. రెండు మోడళ్ళ మధ్య ఊగిసలాడుతుంటే ఈ గీత ఎటువైపు ఉన్నదో చూసుకోండి. లైసెన్సు సంగతి కూడా తేలిపోయింది. 7,500 కిలోల లోపు గూడ్స్ బండిని మామూలు లైట్ వెహికల్ లైసెన్సుతో నడపొచ్చని 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. "లైసెన్సు వేరే తీసుకోవాలె, మేం ఇప్పిస్తం, ఇంత అయితది" అంటే పైసలు ఇయ్యకండి.

ఇవన్నీ రాసుకుని ముగ్గురం ఒకే ఆటోలో షోరూమ్‌కు పోయినం. మూడు కొటేషన్లు మేనేజర్ టేబుల్ మీద పెట్టినం. పెద్దగా మాట్లాడింది లేదు. "సార్, మూడు బండ్లు తీసుకుంటం. ఇగో మీ పిల్లలే ఇచ్చిన మూడు కాయితాలు. ప్రతి వరుసలో తక్కువ ఎవరికి రాసిర్రో అదే ముగ్గురికీ ఇయ్యండి" అన్న. ఆయన చాయ్ చెప్పించిండు. లోపలికి పోయి ఫోన్ చేసిండు. ఇరవై నిమిషాలకు వచ్చి హ్యాండ్లింగ్ కొట్టేసిండు, యాక్సెసరీస్ కొట్టేసిండు. ఇన్సూరెన్స్ బయట తీసుకుంటమంటే మొదట మొహం మాడ్చిండు, తర్వాత బయటి రేటుకే తన దగ్గర ఇస్తనన్నడు. లోన్ మాత్రం ముగ్గురం మా మా బ్యాంకుల్లోనే తీసుకున్నం.

అన్నీ గెలిచినమని చెప్తే అబద్ధం. ఎక్స్-షోరూమ్ ధరలో అయిదు వేలకు మించి దిగలేదు. నా పాత బండికి ఎక్స్‌చేంజ్‌లో చాలా తక్కువ అడిగితే బయట అమ్ముకున్న, దానికి ఇంకో మూడు వారాలు పట్టింది. పూలక్కకు కావాల్సిన రంగు లేక నెల ఆగాల్సొచ్చింది. అయినా ముగ్గురికీ కలిపి చేతిలో మిగిలిన పైసలు, వడ్డీ తేడాతో సహా లెక్కేస్తే, రెండు లక్షలకు దగ్గరగా ఉన్నయి.

రేటు అడిగినోళ్ళకు నా బిల్లు మొత్తం, ప్రతి వరుసతో సహా, ఫోన్ చేస్తే ఫొటో పంపుతా. ఇంట్లో ఎవరన్న కొత్త బండికి పోతుంటే ఒక పని చేయండి. పోయే ముందు ఈ ఏడాది బండి కొన్న ఇద్దరిని అడిగి వాళ్ళ కొటేషన్ చూడండి. మీరు కొన్నంక మీది కూడా దాచుకోకండి. మనోడు ఎంతకు కొన్నడో తెలిస్తే చిన్నతనం అని కొందరికి ఉంటది, ఎక్కువ పెట్టి కొన్ననని నవ్వుతరేమో అని. నేను 2012 లెక్క ఇక్కడ అందరి ముందు రాసిన కదా, నవ్వుండ్రి, ఏం కాదు. మీ పైసలు మిగిలితే చాలు.

తాత కాలంలో తువ్వాల దళారి చేతి మీద ఉండె. ఇప్పుడు దాన్ని మనమే మన కొటేషన్ మీద కప్పుకుంటున్నం. తీసి పక్కన పెట్టండి.